ప్రోటీన్‌గా మారని ఆర్ఎన్ఏ, క్యాన్సర్ కణంలో సంకేతాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రోటీన్ తయారు చేయని ఆర్ఎన్ఏ (నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏ) గురించి చెన్నైలోని తెలుగు పాఠకులు పంపిన ప్రశ్నలివి. ఎక్కువ భాగం ల్యాబుల్లో పనిచేస్తున్న విద్యార్థులవి, కొన్ని ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవాళ్ళవి. పేర్లు తీసేసి పేటల పేర్లు మాత్రం ఉంచాం.

మేము పాఠం చెప్పిన రోజుల్లో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్ అని చెప్పేవాళ్ళం. ప్రోటీన్ తయారు చేయని ఆర్ఎన్ఏకి కణంలో పనేముంటుంది? దానికీ క్యాన్సర్‌కీ సంబంధమేమిటి?
— రిటైర్డ్ సైన్స్ టీచర్, పెరంబూర్

మాస్టారూ, మీరు చెప్పిన పాఠం ఇప్పటికీ సరైనదే. కాకపోతే మన జీనోమ్‌లో ప్రోటీన్‌కి కోడ్ అయ్యే భాగం సుమారు 2 శాతమే. మిగతాదాంట్లో చాలాచోట్ల నుంచి కూడా ఆర్ఎన్ఏ తయారవుతుంది, అందులో కొన్నిటికి నిజమైన పని ఉంది. అన్నిటికన్నా బాగా తెలిసినవి మైక్రోఆర్ఎన్ఏలు. పొడవు 22 అక్షరాలు, అటూ ఇటూగా. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఒక చిన్న పురుగులో మొదటిదాన్ని పట్టుకున్నారు. దానికే 2024లో నోబెల్ వచ్చింది.

ఇది ఆర్గొనాట్ అనే ప్రోటీన్‌లో కూర్చుని, తన 2 నుంచి 8 వరకు ఉన్న అక్షరాలతో మెసెంజర్ ఆర్ఎన్ఏ తోక భాగాన్ని వెతికి పట్టుకుంటుంది. ల్యాబుల్లో ఆ అక్షరాలను సీడ్ అంటారు. పట్టుబడ్డ మెసెంజర్ నుంచి ప్రోటీన్ తయారీ తగ్గుతుంది, తర్వాత ఆ మెసెంజర్ కూడా చెడిపోతుంది. ఎంత తగ్గుతుంది అన్నది ముఖ్యం. చాలాసార్లు సగం కూడా తగ్గదు. మైక్రోఆర్ఎన్ఏ పని స్విచ్‌లా ఉండదు, ఫ్యాన్ రెగ్యులేటర్‌లా ఉంటుంది.

మరి అంత చిన్న తగ్గుదలకి క్యాన్సర్ ఎలా వస్తుందని అడగవచ్చు. కణుతులు రాకుండా అడ్డుకునే పీటెన్ అనే ప్రోటీన్‌ని చూడండి. కణం బయట పెరుగుదల సంకేతం తగిలితే పీఐ3-కైనేజ్ అనే ఎంజైమ్ కణపు పొరలోని పిప్2 అనే కొవ్వును పిప్3గా మారుస్తుంది. పిప్3 కనబడగానే ఆక్ట్ అనే ప్రోటీన్ పొర దగ్గరికి వచ్చి ఉత్తేజితమై, ‘బతుకు, పెరుగు’ అనే ఆదేశాలు లోపలికి పంపుతుంది. పీటెన్ పిప్3ని మళ్ళీ పిప్2గా మార్చేసి ఆ సంకేతాన్ని ఆపుతుంది. చాలా క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే మిర్-21 అనే మైక్రోఆర్ఎన్ఏ ఈ పీటెన్‌నే తగ్గిస్తుంది. ఎలుకల్లో పీటెన్ మామూలులో 80 శాతానికి దిగినా కణుతులు వచ్చాయని 2010లో చూపించారు, ముఖ్యంగా రొమ్ములో. అంటే ఆ దారిలో ఐదో వంతు తేడా కూడా చిన్నది కాదు.

దీనికి ఎదురుదిశలో పనిచేసేవీ ఉన్నాయి. లెట్-7 అనే మైక్రోఆర్ఎన్ఏ, కణాన్ని పెరగమనే రాస్ ప్రోటీన్‌ని అదుపులో ఉంచుతుంది, కాబట్టి అది తగ్గితే రాస్ పెరుగుతుంది. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా రోగుల్లో దాదాపు సగం మందికి 13వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోతుంది. అందులో మిర్-15ఏ, మిర్-16-1 ఉంటాయని 2002లో తేలింది. అవి పోతే, కణం చావును అడ్డుకునే బీసీఎల్2 మీద అదుపు తప్పుతుంది.

మిర్-21 ఇన్హిబిటర్‌ని (దాని పనిని ఆపే అణువు) ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలకి ఇచ్చాను. ఆర్ఎన్ఏ మోతాదు కొలిచే క్యూపీసీఆర్‌లో మిర్-21 తొంభై శాతం తగ్గింది. ప్రోటీన్ కొలిచే వెస్టర్న్ బ్లాట్‌లో మాత్రం ఫాస్ఫో-ఆక్ట్ (ఫాస్ఫేట్ అతికి ఉత్తేజితమైన ఆక్ట్) ఏమీ మారలేదు. మూడుసార్లు చేసినా అంతే. గైడ్‌కి ఏం చెప్పాలో తెలియడం లేదు.
— పీహెచ్‌డీ విద్యార్థిని, గిండీ

ముందు ఆ తొంభై శాతాన్ని నమ్మకండి. ఇన్హిబిటర్ మిర్-21కి గట్టిగా అతుక్కుని ఉంటుంది. కణాల్ని పగలగొట్టాక (లైస్ చేశాక) ట్యూబులో కూడా అది అక్కడే ఉంటుంది కాబట్టి ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌కే అడ్డుపడవచ్చు. అంటే కణంలో ఏం జరిగిందో ఆ అంకె చెప్పడం లేదు. కణంలో మిర్-21 పని నిజంగా ఆగిందా అన్నది దాని లక్ష్యాన్ని చూస్తేనే తెలుస్తుంది. పీటెన్ తోక భాగాన్ని సైచెక్-2 లాంటి ప్లాస్మిడ్‌లో (చిన్న డీఎన్ఏ వృత్తం) వెలుగునిచ్చే రెనిల్లా లూసిఫెరేజ్ జీన్ వెనక పెట్టండి. పక్కనే సీడ్‌కి సరిపోయే చోట మూడు నాలుగు అక్షరాలు మార్చిన ఇంకో ప్లాస్మిడ్ పెట్టండి. ఇన్హిబిటర్ ఇచ్చి 24 నుంచి 48 గంటల్లో రెనిల్లా వెలుగును అదే ప్లాస్మిడ్‌లోని ఫైర్‌ఫ్లై లూసిఫెరేజ్ వెలుగుతో భాగించి చూడండి. మార్పు లేని ప్లాస్మిడ్‌లో వెలుగు పెరిగి, మార్చినదాంట్లో పెరగకపోతే ఇన్హిబిటర్ పనిచేసినట్టు. రెండింట్లోనూ పెరిగితే అది మిర్-21 వల్ల వచ్చిన పెరుగుదల కాదు.

రెండోది, మీరు ఎంచుకున్న కణం. ఎంసీఎఫ్-7లో పీటెన్ బాగానే ఉంది కానీ పీఐ3-కైనేజ్ జీన్‌లో ఈ545కే అనే మ్యుటేషన్ ఉంది. పైన కుళాయి తెరిచే ఉంది కనుక కింద పీటెన్ కాస్త పెరిగినా ఆక్ట్ మీద తేడా చిన్నదిగానే కనబడుతుంది. అలాగని ఎండీఏ-ఎంబీ-468 అనే ఇంకో రొమ్ము క్యాన్సర్ కణాలకి మారకండి, దాంట్లో పీటెన్ అసలు లేదు. ప్రోస్టేట్ కణాల్లో పీసీ-3 కూడా అంతే. ఏ ప్రయోగానికైనా ముందు, ఆ కణంలో మీ దారికి సంబంధించిన ఏ జీన్లు చెడి ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఈ ఒక్క పని చేయక ఆరునెలలు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

మూడోది మీడియం. ఎంసీఎఫ్-7 మీడియంలో సాధారణంగా ఇన్సులిన్ కలుపుతారు, మిల్లీలీటరుకి 0.01 మిల్లీగ్రాములు. సీరం తీసేసి ఇన్సులిన్ ఉన్న మీడియంలోనే రాత్రంతా ఉంచితే ఆక్ట్ ఉత్తేజితమయ్యే ఉంటుంది. ఆ స్థితిలో పెరిగిందా తగ్గిందా అన్నది కనబడదు. రెండూ లేని మీడియంలో 16 గంటలు ఉంచండి. తర్వాత ఈజీఎఫ్ అనే పెరుగుదల సంకేతం ఇవ్వవద్దు, ఈ కణాల్లో దాని రిసెప్టర్ తక్కువ. ఐజీఎఫ్-1 అనే ఇంకో పెరుగుదల సంకేతాన్ని మిల్లీలీటరుకి 50 నుంచి 100 నానోగ్రాముల మోతాదులో ఇచ్చి 0, 5, 15, 60 నిమిషాలకి ప్లేట్లు తీయండి. ఇన్హిబిటర్ ప్రభావం చాలాసార్లు శిఖరం ఎత్తులో కనబడదు, సంకేతం ఎంతసేపట్లో దిగిపోయింది అన్నదాంట్లో కనబడుతుంది. పీటెన్ చేసే పని ఆపడమే కదా, అందుకని 60 నిమిషాల ప్లేటు వదలకండి.

ప్లేటు తీసిన క్షణం నుంచి బ్లాట్ దాకా ఫాస్ఫేట్ పోకుండా చూడాలి. మంచు మీద చల్లటి టీబీఎస్ అనే ఉప్పు ద్రవంతో ఒక్కసారి కడిగి, ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు అప్పటికప్పుడు కలిపిన బఫర్ వేయండి. వారం క్రితం కలిపి ఫ్రిజ్‌లో పెట్టినది పనికిరాదు. ఒక్కో లేన్‌కి 20 నుంచి 30 మైక్రోగ్రాముల ప్రోటీన్ చాలు. బ్లాకింగ్‌కి పాలపొడి బదులు 5 శాతం బీఎస్ఏ అనే అల్బుమిన్ ప్రోటీన్ వాడండి. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్ ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ నల్లబడుతుంది. ఆక్ట్ మీద ఫాస్ఫేట్ పడే చోట్లలో సెరిన్ 473 ఒక్కటే చూస్తున్నట్టున్నారు, థ్రియోనిన్ 308 కూడా చూడండి. 308 మీద ఫాస్ఫేట్‌ని పీడీకే1 అనే ఎంజైమ్ పెడుతుంది, 473 మీద ఎంటార్ కాంప్లెక్స్ 2 పెడుతుంది. రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. అదే నమూనాతో మొత్తం ఆక్ట్, పీటెన్ బ్లాట్లు కూడా ఉండాలి. ఒక ప్లేటుకి పీఐ3-కైనేజ్‌ని ఆపే ఎల్‌వై294002ని 20 మైక్రోమోలార్‌లో గంట ముందు ఇస్తే ఫాస్ఫో బ్యాండ్ మాయమవ్వాలి. అది మాయం కాకపోతే ఆ రోజు బ్లాట్ మీద ఏ తీర్మానమూ చేయకండి.

ఇన్హిబిటర్ 50 నానోమోలార్ దగ్గర మొదలుపెట్టి, పీటెన్ కోసం 48, 72 గంటలు రెండూ చూడండి. తర్వాత ఎప్పుడైనా మిమిక్ (మిర్-21ని పోలిన కృత్రిమ ఆర్ఎన్ఏ) వాడితే 10, 20 నానోమోలార్ దాటవద్దు. మోతాదు ఎక్కువైతే ఆర్గొనాట్ అంతా అదే ఆక్రమిస్తుంది. కణంలో ఉన్న మిగతా మైక్రోఆర్ఎన్ఏలకి చోటు పోయి, వాటి లక్ష్యాలన్నీ పెరుగుతాయి. మీరు చూసేది మిర్-21 ఫలితం కాకుండా పోతుంది.

చివరగా, ఆక్ట్ తగ్గినా అది పీటెన్ ద్వారానే తగ్గిందని ఊరికే రాయకూడదు. ఇన్హిబిటర్‌తోపాటు పీటెన్‌ని తగ్గించే ఎస్ఐఆర్ఎన్ఏ అనే చిన్న కృత్రిమ ఆర్ఎన్ఏ ఇవ్వండి. ఆక్ట్ తిరిగి పైకొస్తే మీ మాటకి బలం ఉంటుంది. గైడ్ గారికి ప్రస్తుతానికి ‘కణం, మీడియం మార్చి మళ్ళీ చేస్తాను’ అని చెప్పండి. మీ బ్లాట్ తప్పని ఇప్పటిదాకా ఏమీ తేలలేదు.

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్. బయట ఒక ల్యాబులో రక్తం ఇస్తే ‘మిర్-21 మూడు రెట్లు ఎక్కువ’ అని రిపోర్టు ఇచ్చారు. కీమో మార్చమని డాక్టరు గారిని అడగాలా? బాబాయి చాలా కంగారుగా ఉన్నారు.
— వేలచ్చేరి

అడగనక్కర్లేదమ్మా. ఆ అంకెను బట్టి మందు మార్చే పద్ధతి రొమ్ము క్యాన్సర్‌లో లేదు. మిర్-21 గుండె జబ్బులో, వాపులో, అవయవాలు గట్టిపడే జబ్బుల్లో కూడా పెరుగుతుంది. పైగా దేనికి మూడు రెట్లు, ఏ కొలతతో పోల్చి చెప్పారు అన్నది లేకపోతే ఆ అంకెకి అర్థమే లేదు. మీ పిన్ని గారి చికిత్స నడిచేది కణుతిలోని ఈఆర్, పీఆర్ (హార్మోన్ రిసెప్టర్లు), హెర్2 ప్రోటీన్ ఫలితాల మీద, కణుతి పరిమాణం, చంకలో గడ్డల మీద. బాబాయి గారికి ఆ కాగితాలు చూపించి ధైర్యం చెప్పండి. రెండో అభిప్రాయం కావాలంటే అడయార్‌లో 1954 నుంచి నడుస్తున్న క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోటికి వెళ్ళవచ్చు. వెళ్ళేటప్పుడు బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాక్ పట్టుకెళ్ళాలి. కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు. ఈ గొడవలో కీమో తేదీ మాత్రం తప్పనివ్వకండి.

నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏ మీద అనుమతి ఉన్న పరీక్షలే లేవని కాదు. ప్రోస్టేట్‌కి పీసీఏ3 అనే పొడవాటి ఆర్ఎన్ఏని మూత్రంలో కొలిచే పరీక్షకి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. అది కూడా రెండోసారి బయాప్సీ అవసరమా అని తేల్చుకోవడానికి మాత్రమే.

ప్లాస్మాలో మైక్రోఆర్ఎన్ఏ కొలిచే ప్రాజెక్టు మొదలుపెడుతున్నాం. రక్తం ఆస్పత్రిలో తీస్తారు, మా ల్యాబు అక్కడికి దూరం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఎంఎస్సీ విద్యార్థి, తరమణి

ఈ ప్రాజెక్టుల్లో ఫలితం సగం సిరంజి దగ్గరే తేలిపోతుంది. ఎర్రకణాల్లో మిర్-451ఏ, మిర్-16 విపరీతంగా ఉంటాయి. కొద్ది కణాలు పగిలినా ప్లాస్మా లెక్క మారిపోతుంది. అలాంటి నమూనాలతో ‘మిర్-16 రోగుల్లో ఎక్కువ’ అని రాసి అచ్చువేసుకోవడం కష్టం కాదు. అది నిజానికి రక్తం తీసిన తీరులో తేడా అయ్యుండవచ్చు.

ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబు వాడండి. ఆకుపచ్చ మూతది వద్దు, అందులోని హెపారిన్ పీసీఆర్‌ని ఆపేస్తుంది. సూది 21 గేజ్, పిస్టన్ గట్టిగా లాగకూడదు. ట్యూబుని ఐదారుసార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి, ఊపకూడదు. రెండు గంటల లోపు ప్లాస్మా వేరు చేయాలి. మే నెలలో బండి మీద డిక్కీలో పెట్టి తీసుకురావడం పనికిరాదు. అలాగని మంచు ముక్కలు ట్యూబుకి నేరుగా తగిలినా కణాలు పగులుతాయి. నిజానికి ఆస్పత్రిలోనే సెంట్రిఫ్యూజ్ వాడుకోవడానికి అనుమతి తెచ్చుకోండి. ఎథిక్స్ కమిటీ దరఖాస్తులోనే ఆ మాట రాయండి.

మొదటి స్పిన్ 1,500 నుంచి 2,000 జీ మధ్య 10 నిమిషాలు. పై ద్రవం మొత్తం లాగేయవద్దు, తెల్ల పొరకి పైన అర సెంటీమీటరు వదిలేయండి. తీసినదాన్ని కొత్త ట్యూబులో మళ్ళీ తిప్పండి, ఈసారి ఎక్కువ వేగంతో, ప్లేట్‌లెట్లు పోవడానికి. ఈ రెండో స్పిన్ ఎగ్గొట్టి ఫ్రీజర్లో పెడితే ప్లేట్‌లెట్లు పగిలి వాటి మైక్రోఆర్ఎన్ఏ అంతా ప్లాస్మాలో కలుస్తుంది. తర్వాత వేరుచేసే మార్గం లేదు. 200 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టండి.

ఎర్రకణాలు పగిలాయో లేదో కంటితో చూసి తేల్చలేరు. 414 నానోమీటర్ల దగ్గర ప్లాస్మా పీల్చుకునే వెలుగు రీడింగ్ 0.2 దాటితే ఆ నమూనా పక్కన పెట్టండి. పీసీఆర్‌లో మిర్-23ఏ సీటీ (ఎన్నో సైకిల్‌లో కనబడిందో చెప్పే అంకె) విలువలోంచి మిర్-451ఏ సీటీ తీసేయండి. తేడా 5 లోపుంటే మంచిది, 7 దాటితే వదిలేయాలి. యూ6 అనే చిన్న ఆర్ఎన్ఏతో పోల్చి నార్మలైజ్ చేయవద్దు, ప్లాస్మాలో దాన్ని నమ్మలేం. పురుగు నుంచి వచ్చిన సెల్-మిర్-39ని బయటి నుంచి కలుపుతారు కదా, దాన్ని లైసిస్ ద్రవం పోసిన తర్వాతే కలపండి. ముందే కలిపితే ప్లాస్మాలోని ఆర్ఎన్‌ఏజ్‌లు దాన్ని క్షణాల్లో తినేస్తాయి. రోగుల నమూనాలు ఒక రోజు, ఆరోగ్యవంతులవి ఇంకో రోజు చేయకండి. రెండూ ఒకే ప్లేటు మీద కలిపి నడపండి.

ట్రైజాల్ అనే ద్రవంతో తీసిన ఆర్ఎన్ఏకి శుద్ధత చెప్పే నిష్పత్తుల్లో 260/280 బాగుంది, 260/230 మాత్రం 0.6. మైక్రోఆర్ఎన్ఏ సీటీలు ఒక్కోసారి ఒక్కోలా వస్తున్నాయి.
— అన్నా నగర్

230 నానోమీటర్ల దగ్గర కనబడేది ట్రైజాల్‌లోని గ్వానిడిన్ ఉప్పు. పెల్లెట్‌ని 75 శాతం ఎథనాల్‌తో రెండోసారి కడగండి, ట్యూబు గోడలు కూడా తడిచేలా. ఆర్ఎన్ఏ తీసేటప్పుడు ఒక మిల్లీలీటరు ట్రైజాల్‌కి 200 మైక్రోలీటర్ల క్లోరోఫామ్, 12,000 జీ, 15 నిమిషాలు, 4 డిగ్రీలు. పై పొర తీసేటప్పుడు మధ్య పొరకి పైనే ఆగండి. ఆశపడి మొత్తం లాగితే డీఎన్ఏ, ఫినాల్ రెండూ వస్తాయి.

సీటీలు ఊగడానికి కారణం వేరే కావచ్చు. కణాలు తక్కువైతే జీ, సీ అక్షరాలు తక్కువున్న మైక్రోఆర్ఎన్ఏలు ట్రైజాల్‌లో ఎక్కువగా పోతాయి. మిర్-141 దీనికి తెలిసిన ఉదాహరణ. అంటే కణాలు చచ్చి తక్కువైన ప్లేటులో మిర్-141 తగ్గినట్టు కనబడుతుంది, నిజానికి తగ్గదు. ప్రతి ప్లేటు నుంచి ఒకే సంఖ్యలో కణాలు తీసుకోండి. ఆర్ఎన్ఏని పట్టి ఉంచే కాలమ్ వాడితే, పై పొరకి ఒకటిన్నర రెట్లు శుద్ధ ఎథనాల్ కలిపే కిట్టే తీసుకోండి. సమాన మోతాదులో 70 శాతం ఎథనాల్ పోసే మామూలు కిట్లలో 200 అక్షరాల లోపువి కాలమ్‌లో నిలవకుండా కారిపోతాయి.

మలాట్1 అనే పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏ మీద ఎస్ఐఆర్ఎన్ఏ సరిగా పనిచేయడం లేదు. పైగా ఒక పేపరు అది క్యాన్సర్‌ని పెంచుతుందంటే ఇంకోటి తగ్గిస్తుందంటోంది. ఏది నమ్మాలి?
— టీ నగర్

మలాట్1 కేంద్రకంలోనే ఉంటుంది, ఎస్ఐఆర్ఎన్ఏ బలం ఎక్కువగా సైటోప్లాజంలో. గ్యాప్‌మర్ యాంటీసెన్స్ (ఆర్ఎన్ఏకి అతుక్కునే కృత్రిమ ముక్క) వాడండి. అది ఆర్‌నేజ్-హెచ్ అనే ఎంజైమ్‌ని పిలిచి కేంద్రకంలోనే కోయిస్తుంది. వేర్వేరు చోట్ల అతుక్కునే రెండు గ్యాప్‌మర్లు ఒకే ఫలితం ఇవ్వాలి. ఒకదాంతో వచ్చి రెండోదాంతో రాకపోతే అది మలాట్1 ఫలితం కాదు. ఈ జీన్‌ దాదాపు ఒకే ఎక్సాన్ కాబట్టి ప్రైమర్లు డీఎన్ఏని కూడా పట్టుకుంటాయి. డీఎన్‌ఏజ్ వేసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని ట్యూబు ఒకటి తప్పకుండా పెట్టండి.

పేపర్ల సంగతి: 2003లో ఊపిరితిత్తుల క్యాన్సర్ పాకడంతో ముడిపెట్టి దీన్ని గుర్తించారు. 2012లో ఈ జీన్ తీసేసిన ఎలుకలు మామూలుగానే బతికాయి. 2016లో రొమ్ము క్యాన్సర్ ఎలుకల్లో యాంటీసెన్స్‌తో దీన్ని తగ్గిస్తే జబ్బు పాకడం తగ్గింది. 2018లో జీన్‌నే చెడగొడితే పాకడం పెరిగింది, టీఈఏడీ అనే ప్రోటీన్‌ని మలాట్1 బంధించి ఉంచుతుందని కారణం చెప్పారు. పద్ధతి వేరు, ఎలుక జాతి వేరు. మీ కణంలో ఏం చేస్తుందో మీరే కొలవాలి. ఆర్ఎన్ఏని తగ్గించడంతో ఆగక, తిరిగి పెట్టి కూడా చూడాలి.

సంకేతంలో నేరుగా చేయిపెట్టే పొడవాటి ఆర్ఎన్ఏ చూడాలంటే 2015లో వచ్చిన ఎన్‌కిలా చక్కని ఉదాహరణ. వాపును నడిపే ఎన్ఎఫ్-కప్పా-బీ అనే ప్రోటీన్ ఉత్తేజితమైతే ఎన్‌కిలా తయారవుతుంది. అది తిరిగి ఆ కాంప్లెక్స్‌నే అంటుకుని, దాన్ని కట్టేసి ఉంచే ఐ-కప్పా-బీ మీద ఫాస్ఫేట్ పడే చోటును కప్పేస్తుంది. తనను పుట్టించిన సంకేతాన్ని తానే అదుపు చేస్తుందన్నమాట. పాకిన రొమ్ము క్యాన్సర్లలో ఇది తక్కువ.

వృత్తాకార ఆర్ఎన్ఏలన్నీ మైక్రోఆర్ఎన్ఏని స్పాంజిలా పీల్చుకుంటాయా?
— క్రోంపేట

లేదు. సీడీఆర్1ఏఎస్ అనే వృత్తాకార ఆర్ఎన్ఏకి మిర్-7 అతుక్కునే చోట్లు 70కి పైగా ఉన్నాయి, అందుకే ఆ ఆలోచన 2013లో అంతమందిని ఆకట్టుకుంది. మిగతావాటిలో ఎక్కువ భాగానికి ఒకటి రెండు చోట్లే. కణానికి వృత్తం కాపీలు వంద, మైక్రోఆర్ఎన్ఏ కాపీలు వేలల్లో ఉంటే పీల్చుకునేదేముంది? రెండిటి కాపీలూ లెక్కపెట్టకుండా స్పాంజి బొమ్మ గీయడం సరికాదు. వృత్తమేనని తేల్చడానికి ఆర్‌నేజ్-ఆర్ ఎంజైమ్ వేసి చూడండి. సరళమైనవి కరిగిపోతాయి, వృత్తం మిగులుతుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని, టీసీజీఏ అనే కణుతుల జీనోమ్ డేటాతో ఈ రంగంలో పనిచేయాలని ఆసక్తి. మైక్రోఆర్ఎన్ఏ పెరిగినచోట జీన్ తగ్గితే అది లక్ష్యమనుకోవచ్చా?
— షోలింగనల్లూర్

అనుకోవద్దు. కణుతి నమూనాలో క్యాన్సర్ కణాలతోపాటు రక్తనాళాలు, కండర కణాలు, ఫైబ్రోబ్లాస్టులు ఉంటాయి. పెద్దపేగు క్యాన్సర్‌లో మిర్-143, మిర్-145 తగ్గుతాయని ఏళ్ళపాటు రాశారు. తీరా చూస్తే అవి ఉండేదే ఫైబ్రోబ్లాస్టుల్లో, కండర కణాల్లో. పేగు పైపొర కణాల్లో మొదటి నుంచీ లేవనే చెప్పాలి. కణుతిలో ఆ కణాల వాటా తగ్గడమే ‘తగ్గుదల’గా కనబడింది. పైన చెప్పిన సీడీఆర్1ఏఎస్‌కీ పెద్దపేగులో అదే జరిగింది. అది చుట్టూ ఉన్న కణాల్లో ఉంటుందని 2020లో తేలింది.

కాబట్టి మొదట ప్రతి నమూనాలో క్యాన్సర్ కణాల వాటా అంచనా వేసి, దాన్ని మోడల్‌లో కలపండి. లక్ష్యాలను అంచనా వేసే టార్గెట్‌స్కాన్ ఒక్కో మైక్రోఆర్ఎన్ఏకి వందల పేర్లు ఇస్తుంది. వాటిని లూసిఫెరేజ్ లేదా ఆర్గొనాట్ క్లిప్ (ఆర్గొనాట్‌కి అతుక్కున్న ఆర్ఎన్ఏలను చూపే పద్ధతి) సాక్ష్యం ఉన్నవాటికి కుదించండి. తర్వాత టీసీజీఏలోనే ఉన్న ఆర్‌పీపీఏ అనే ప్రోటీన్ కొలతల డేటా తెరవండి. అందులో ఫాస్ఫో-ఆక్ట్ సెరిన్ 473, థ్రియోనిన్ 308, పీటెన్ ప్రోటీన్ మోతాదులు ఉన్నాయి. మీ మైక్రోఆర్ఎన్ఏ ఆ ప్రోటీన్ అంకెల్ని కూడా కదిలిస్తేనే ల్యాబులో పనిచేసేవాళ్ళ దగ్గరికి ఆ పేరు పట్టుకెళ్ళండి.

వీటి మీద మందులు వచ్చాయా?
— పొరూర్

క్యాన్సర్‌కి మైక్రోఆర్ఎన్ఏ మందు ఏదీ ఇంకా అనుమతి పొందలేదు. కణుతులను అడ్డుకునే పీ53 ప్రోటీన్ పుట్టించే మిర్-34ఏని కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చిన ఎంఆర్‌ఎక్స్34 ప్రయోగాన్ని, రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురుతిరిగి రోగులు చనిపోవడంతో 2016లో ఆపేశారు. కొందరు రోగుల్లో కణుతి కుంచించుకుపోయిన మాట కూడా నిజం. అందుకే ఇప్పటి పని ఎక్కువగా రెండు చోట్ల సాగుతోంది: ఆర్ఎన్ఏ అక్షరాలకి రసాయన మార్పులు చేసి రోగనిరోధక కణాలు రెచ్చిపోకుండా చూడటం, కాలేయంలో కూరుకుపోకుండా కణుతి దాకా చేర్చడం.